మూడో నౌక కెప్టెన్

గుంటూరు మిర్చి యార్డులో జక్రయ్యను పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. అందరికీ ఆయన కెప్టెనే. నిజానికి ఆయన హమాలీల ముఠాకు మేస్త్రీ. బ్యాటు పట్టింది లేదు, ఓడ ఎక్కింది లేదు. అంతరిక్ష యుద్ధాల మీద భాగాలు భాగాలుగా వస్తున్న ఒక విదేశీ సినిమాలో, మూడో నౌక కెప్టెన్‌కి తెలుగులో గొంతు ఇచ్చాడు. ఆ కెప్టెన్‌కి ఉన్నవి నాలుగే డైలాగులు, నాలుగు మాటలు. హీరో అతని వంక ఒక్కసారి కూడా చూడడు.

ఆ అవకాశం తెచ్చింది తాడేపల్లిలో చిన్న రికార్డింగ్ స్టూడియో నడిపే బుడాన్. ఏదో ప్రకటన కోసం యార్డు రొద పట్టుకుందామని వచ్చినవాడు, ముప్పై ఏళ్ల మిరప ఘాటుకు గరుకెక్కిన జక్రయ్య కేక విన్నాడు. ఇక వచ్చిన పని మరిచిపోయి ఆయన వెంటపడ్డాడు.

పొరపాటు ఆ నాలుగు మాటల్లోనే దొర్లింది. కాగితంలో ‘సరుకు ఎక్కించండి’ అని ఉంటే, జక్రయ్య అలవాటుకొద్దీ ‘టిక్కీలు ఎత్తండి’ అనేశాడు. యార్డులో మిర్చి బస్తాను టిక్కీ అనే అంటారు గనక బుడాన్‌కీ తప్పనిపించలేదు. పిడుగురాళ్లలో హాలు ఈలలతో ఊగిపోయింది. హైదరాబాదు వాళ్లు మాత్రం, యుద్ధం మధ్యలో ఈయన ఆలూ టిక్కీలు ఎక్కించడమేమిటని ఆరా తీశారు.

కొత్త భాగంలో కెప్టెన్‌కి పదకొండు మాటలు వచ్చాయి. డబ్బింగ్ చూసే శ్రీరమ్య ఈసారి ముందే తేల్చి చెప్పింది. ఒక పూట పరీక్ష. కుదరకపోతే హైదరాబాదు ఆర్టిస్టు.

జక్రయ్యకు ఆ కెప్టెన్‌ని వదులుకోవడం ఇష్టం లేదు. అతను తుపాకి పట్టడు, మనుషులంతా ఎక్కేదాకా కిందే నిలబడతాడు, మేస్త్రీ అంటే అంతే కదా అనేవాడు.

కూతురు ఆరాధన బడిలో తెలుగు టీచరు. వారం రోజులు తండ్రి చేత ‘నౌక సమతుల్యత కోల్పోతోంది, అందరూ దూరంగా జరగండి’ అని వల్లె వేయించింది.

“ఎండు వక్క నోట్లో పెట్టుకున్నట్టుందమ్మా,” అన్నాడాయన.

“నములు నాన్నా, అదే మెత్తబడుద్ది.”

మెత్తబడింది కానీ చప్పబడింది కూడా. పరీక్ష రోజు బుడాన్ స్టూడియోలో, తెర మీద నౌక పక్కకు వాలిపోతుంటే, జక్రయ్య బళ్లో పద్యం అప్పజెప్పినట్టు అక్షరం పొల్లుపోకుండా పలికాడు. మూడుసార్లు చెప్పినా అంతే. శ్రీరమ్య పెన్ను మూత పెట్టేసింది. ఇక అయిపోయిందనుకుని జక్రయ్య తలుపు వైపు తిరిగాడు.

ఆమె ఆయన్ని ఆపి, కాగితం పక్కన పెట్టమంది.

“బాబాయ్ గారూ, యార్డులో మీవాళ్ల మీదకి బస్తాలు వాలిపోతుంటే ఏమంటారండీ?”

“ఆ నౌకని బస్తాలనుకోమంటావా అమ్మా?”

“అనుకోండి. కెప్టెన్ కూడా మీలాంటివాడే.”

జక్రయ్య తెర వంక చూశాడు. నౌక కింద పదిమంది ఉన్నారు. ఆయన చెప్పులు విడిచి నేల మీద కాళ్లు ఎడంగా పెట్టుకున్నాడు.

“ఒరిగిపోద్దిరా! పక్కకి రండి, పక్కకి!”

అద్దం అవతల యంత్రం ముందు కూర్చున్న బుడాన్ కుర్చీ తన్నుకుని గోడకి అంటుకుపోయాడు. కాస్త తేరుకుని, ఏదో పురుగు కనిపించిందని బొంకాడు. శ్రీరమ్య కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వి, అచ్చులో ఉన్న వాక్యాన్ని కొట్టేసి పైన ఆయన మాటలు రాసుకుంది. ఈ ముక్క ఏ జిల్లావాళ్లకైనా అర్థమవుతుందంది.

మధ్యాహ్నం అన్నాలప్పుడు ఆరాధన ఫోన్ చేసి ఏమైందని అడిగింది.

“సమతుల్యత పోయిందమ్మా. కెప్టెన్ మాత్రం దక్కాడు,” అన్నాడు జక్రయ్య. అవతల ఆమె నవ్వు పక్కన కూర్చున్న బుడాన్‌కీ వినిపించింది.

తిన్నాక శ్రీరమ్య మిగిలిన పది మాటల కాగితం అందించబోయింది. జక్రయ్య చెయ్యి చాపలేదు.

“అక్కడ ఎవరికేం ముంచుకొచ్చిందో చెప్పమ్మా, చాలు,” అని మైకు ముందుకు జరిగాడు.