ఎడమ తలుపు స్పీకరు

చిన్నాయన పోయాడని ఆయన కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను బొమ్మిడి స్టేషన్ బయట పూలు కొంటున్నాను. పొద్దున కాఫీ తాగి, గ్లాసు అరుగు మీద పెట్టి, వాకిట్లో ఉన్న కారు వైపు చూస్తూ కూర్చున్నాడట. చిన్నమ్మ గ్లాసు తీసుకుపోవడానికి వచ్చేసరికి ప్రాణం లేదు. "గుండె ఆగిపోయిందంట అక్కా. సీక్రం రా, ఆలస్యం చెయ్యొద్దు," అన్నాడు తమ్ముడు. మూర కొలుస్తున్న పూలామె నా మొహం చూసి చెయ్యి ఆపేసింది. దేవుడికని కొన్న ఆ పూలే పట్టుకుని ధర్మపురి మీదుగా పాపారపట్టి వెళ్లాను.

చిన్నాయన అంటే మా నాన్న తమ్ముడు. ఈ మాటలు ఆయన చదవలేడు. బతికుండగా రాసినా చదవలేకపోయేవాడు. మా ఇళ్లలో తెలుగు నోటికి వచ్చు గానీ కంటికి రాదు. మాది తమిళనాడు, బడి చదువంతా తమిళమే. నేనొక్కదాన్నే పెళ్లయ్యాక పంతం పట్టి అక్షరాలు నేర్చుకున్నాను. అది తెలిసి, "నువ్వు రాయి పాపా, నాకు చదివి వినిపించు. చెవులైతే ఉండాయి కదా నాకు," అన్నాడు. చెవుల సంగతి ఆయన మనసులో ఎప్పుడూ మెదులుతుండేది. ఎందుకో చెప్తాను.

ఆయనది మామిడి తోట, బావి కింద కొంత టమాటా. వయసంతా ట్రాక్టరు మీదే గడిచింది. అలాంటి మనిషి ఒకసారి హోసూరుకు మామిడికాయలు తోలి, తిరుగుదారిలో ఎర్రటి పాత స్పోర్ట్స్ కారు తెచ్చుకున్నాడు. రెండే తలుపులు, రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోయే పొట్ట. ఒక చేత్తో పంచె, ఇంకో చేత్తో తలుపు పట్టుకుని అందులోంచి లేవడానికి ఆయన పడే అవస్థ ఊరంతా నిలబడి చూసింది. "ఎరువు మూట కూడా పట్టని బండి ఎందుకు చిన్నాయనా?" అని అడిగాను. "ఇన్నేండ్లు ట్రాక్టరెక్కి లోకాన్ని పైనుంచి చూసినాను పాపా. ఇంక కిందనుంచి చూస్తాను. కిందనుంచి చూస్తే అందరూ పెద్దోళ్లే," అన్నాడు.

కారు మోజు ఆయనది చిన్నపిల్లల మోజు కాదు. టమాటా బుట్టను పక్క సీట్లో పెట్టి దానికి కూడా బెల్టు వేసేవాడు. స్పీడు బ్రేకరు వస్తే చూలుతో ఉన్న ఆవును వంక దాటించినట్టు ఏటవాలుగా ఎక్కించి, ఏటవాలుగా దించేవాడు. వెనక బస్సు ఎంత హారను కొట్టినా తొందరపడేవాడు కాదు. నాకు కారు నడపడం నేర్పింది అందులోనే. "గేరు మార్చేటప్పుడు బండిని అడగల్లా, అదిలించకూడదు," అనేవాడు. నేను అదిలించేదాన్ని. కారుతో పాటు దారిన పోయేవాళ్లను కూడా. "నీ నోరు ఉండగా హారను దండగ పాపా," అని నవ్వేవాడు.

ఇక చిన్నమ్మ. ఒక చెడ్డ జ్వరం వచ్చి తగ్గాక ఆమె కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవి బాగానే మిగిలింది. అంతకుముందు ఆమె ఎంత మాటకారి అంటే, నీళ్లకని వీధి కొళాయి దగ్గరికి పోయి, నీళ్లు తప్ప అన్నీ తెచ్చేది. చెవి పోయిందని తెలియగానే అందరూ ఆమెతో అరిచి మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ అరుపులు పడలేక ఆమె మాట తగ్గించుకుంది. కొన్నాళ్లు తల ఊపింది, ఆ తర్వాత అదీ మానేసింది. ధర్మపురిలో చెవి మిషను ఇప్పించారు. కొద్ది రోజులు పెట్టుకుని తీసి డబ్బాలో వేసేసింది. "మిక్సీ కూడా నాతోనే మాట్లాడతా ఉన్నట్టుండాది. ఎందుకే నాకా గోల," అంది నాతో. ఆ నెలలో ఆమె మాట్లాడిన పొడుగాటి మాట అదే అనుకుంటాను.

చిన్నాయనకు ఒకటే దిగులు పట్టుకుంది. ఆమె మళ్లీ మాట్లాడాలి. ఇంట్లో ఆమెకు ఎడమ పక్కకు మారాడు. నడిచినా, తిన్నా, టీవీ చూసినా ఆ పక్కే. మా వాళ్లలో పెళ్లాం మొగుడికి ఎడమ పక్కన ఉండాలని కట్టుబాటు. అంటే మొగుడు ఎప్పుడూ ఆమెకు కుడి పక్క, పోయిన చెవి పక్క. ఇంటిదేవరకు పొంగలి పెట్టిన రోజు ఈయన ఎడమ పక్క కూర్చుంటే పెద్దవాళ్లు గొణిగారు. "పూజారి చెప్పేది ఆమెకు నేను చెప్పొద్దా? చెవి ఉన్న పక్కే మొగుడు ఉండల్లా," అని కదలకుండా కూర్చున్నాడు.

ఆయన పక్క మారలేని చోటు ఒక్కటే, ఆ కారు. స్టీరింగు కుడి వైపు, వెనక సీటు లేదు. పక్కనే కూర్చున్న పెళ్లాంతో మాట్లాడడానికి వీల్లేని కారు కొనుక్కున్నాడు పాపం. అందుకే వాళ్ల ప్రయాణాలు ప్రశాంతమని మేమంతా నవ్వుకునేవాళ్లం. ఆయన కూడా మాతో కలిసి నవ్వాడు కానీ ఊరుకోలేదు.

కారుతో పాటు వచ్చిన స్పీకర్లు అప్పటికే ముసలివి. కాగితం కోను చుట్టూ ఉండే స్పాంజి పొడిపొడిగా రాలిపోయింది. ఏ పాట పెట్టినా పాడేవాళ్లకు జలుబు చేసినట్టుండేది. ఒక రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ధర్మపురి బస్టాండు దగ్గర కార్లకు స్పీకర్లు బిగించే షాపుకు పోయాడు. షాపాయన హుషారుగా డిక్కీలో పెట్టే పెద్ద పెట్టె చూపించి, గుండెలు అదిరిపోతాయని తమిళంలో హామీ ఇచ్చాడు. గుండెలు అదరడం వద్దు, మాట కావాలి, మనిషి చెవి దగ్గర కూర్చుని చెప్పినట్టుండాలి అని చిన్నాయన అడిగాడు. ఎవరి మాట, వార్తలా, ప్రవచనాలా అన్నాడాయన. నా మాట అన్నాడు చిన్నాయన.

ఈ ఆలోచన ఆయనకు ఉల్లిగడ్డల వ్యాను చూసి వచ్చింది. మైకులో ధర చెప్పుకుంటూ వీధులు తిరుగుతుంటాయి కదా, అవే. వీధంతటికీ వినిపించే మాటను ఒక్క చెవికి వినిపించలేమా అనుకున్నాడు. కాలరుకు గుచ్చుకునే చిన్న మైకు, దాని తీగ కారు స్టీరియోకు, అక్కణ్నుంచి తలుపులో స్పీకరుకు. షాపాయన మొదట నవ్వాడు, తర్వాత ఆయనకే సరదా పుట్టింది. కొత్త స్పీకరు వెనక అయస్కాంతం లావు, ఆ కారు తలుపేమో పలచన. అద్దం దించితే అయస్కాంతానికి తగులుతోంది. ప్లైవుడ్డుతో గుండ్రంగా చుట్టు కోయించి, స్పీకరును దాని మీద ముందుకు జరిపి బిగించారు. రేకు గడగడలాడకుండా తలుపు లోపల పాత ట్రాక్టరు ట్యూబు ముక్కలు అతికించారు.

అంతా అయ్యాక మైకు పెట్టగానే కారు కుయ్యిమని అరిచింది. కుడి తలుపు స్పీకరు ఆయన కాలరుకు మరీ దగ్గర. అందులోంచి వచ్చిన మాటే మళ్లీ మైకులో పడి కూత పెడుతోంది. "అయితే కుడిది తీసేయ్," అన్నాడు చిన్నాయన. జత కొని ఒకటి వాడకపోతే ఎలా అని షాపాయన గిలగిల్లాడాడు. వినాల్సిన చెవి ఒక్కటేనని చిన్నాయన ఓపిగ్గా చెప్పాడు. అలా ఆ కారుకు ఎడమ తలుపులో కొత్త స్పీకరు, కుడి తలుపులో మళ్లీ పెట్టేసిన, తీగ లేని పాత కాగితం స్పీకరు మిగిలాయి.

చిన్నమ్మకు ముందుగా ఏమీ చెప్పలేదు. ఊరు దాటాక, "ఏమే, కాళ్లు చాపుకో," అన్నాడట. ఎవరో పిలిచారని ఆమె కిటికీలోంచి బయటికి తొంగి చూసిందట. సంగతి తెలిశాక, "మీ చిన్నాయనకు పిచ్చి పట్టింది," అంది నాతో, అంతే. ఆయన మాత్రం దారి పొడుగునా ఎవరి తోట, ఎవరి బావి, ఎవరింట్లో ఏ పెళ్లి అని చెప్తూనే ఉండేవాడు. గొంతు సవరించుకోవాల్సి వస్తే మైకును గుప్పిట్లో మూసేవాడు, ఆమె చెవికి దెబ్బ తగులుతుందని. ఆమె వినేది. బదులు మాత్రం లేదు.

బదులు పాపారపట్టి సంతలో దొరికింది. నేను బస్సు దిగి కూరగాయల అంగడి దగ్గర వాళ్ల కోసం నిలబడి ఉన్నాను. కారు వచ్చి ఆగింది. చిన్నమ్మ అద్దం దించి వంకాయల వైపు చెయ్యి చాపింది. బజారులో మా నోట వచ్చేది తమిళమే. తెలుగు ఇంట్లో మాట, గుట్టుగా చెప్పుకునే మాట అని మా అందరికీ గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే చిన్నాయన మైకులో, "ఆ వంకాయలు ముట్టుకోవద్దే. మొన్నటివి. నీళ్లు చల్లి మెరిపించినాడు," అన్నాడు. ఆ మాట దించిన అద్దంలోంచి బజారంతా వినిపించింది.

అంగడాయన పాపిరెడ్డిపట్టి వైపు నుంచి కొత్తగా వచ్చినవాడు. నీళ్లు చల్లుతున్న చెంబు కింద పెట్టి, నింపాదిగా మా తెలుగులోనే అన్నాడు. "అవునన్నా, మొన్నటివే. మీ కారు ఎప్పటిది?"

చుట్టుపక్కల అంగళ్లవాళ్లు పగలబడి నవ్వారు. ఆ బజారులో సగం మందివి మా ఇళ్లలాంటి ఇళ్లేనని ఆ నవ్వుతో తెలిసింది. చిన్నాయన మొహం కారు రంగుకు వచ్చింది. కంగారులో మైకు తీయడం మరిచిపోయి, "అయ్యో దేవుడా," అన్నాడు. అదీ బజారంతా విన్నది. అప్పుడు చిన్నమ్మ నవ్వింది. కళ్లు తుడుచుకుని, ఒక వంకాయ తీసి తిప్పి చూసి, "మొన్నటివి కావు, నిన్నటివి. తొడిమ చూసి చెప్పల్లా. నీకేం తెలుసు వంకాయ సంగతి," అని మొగుణ్ని గట్టిగా కసురుకుంది. అమ్మకు తెలుసు అన్నాడు అంగడాయన. చిన్నాయన స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తూ సంతోషంగా కూర్చున్నాడు.

కిటుకు ఆయనకు ఆ రోజే తెలిసింది. "సరిగ్గా చెప్తే తల ఊపుతాది పాపా. తప్పు చెప్తే నోరు తెరుస్తాది," అన్నాడు నాతో రహస్యంగా. ఆ పైన ఆయన చెప్పని అబద్ధం లేదు. రాగి చేనును జొన్న అనేవాడు. వరసలు కలిపితే మామను అల్లుడిని చేసేవాడు. ఆమె రుసరుసలాడుతూ ప్రతిదీ సరిదిద్దేది. "ఇంత తెలివిలేని మనిషితో ఎట్ల కాపురం చేసినానే," అని నాతో మొరపెట్టుకునేది. కారులో మొదలైన ఆ సరిదిద్దడం మెల్లగా వంటింట్లోకి, వీధి కొళాయి దాకా వచ్చింది. పుట్టినప్పటి నుంచి మట్టిలో ఉన్న రైతుకు రాగికీ జొన్నకూ తేడా తెలియదంటే ఆమె నమ్మిందా అని నేనెప్పుడూ అడగలేదు.

చిన్నాయనంటే నాకు ప్రాణం. నా నోటి దురుసును ఇంట్లో అందరూ మందలిస్తే ఆయనొక్కడే నవ్వాడు. ఆయన కాఫీ గ్లాసు పెట్టే అరుగు ఖాళీగా ఉండడం చూస్తే ఇప్పటికీ నాకు ఏడుపు కంటే ముందు కోపమే వస్తోంది.

కర్మ జరిగిన రోజులన్నీ చుట్టాలు చిన్నమ్మకు కుడి పక్కనే కూర్చుని అరిచారు. ఆమె గోడ చూస్తూ ఉండిపోయింది. మళ్లీ ఆ పాత మౌనంలోకి పోతుందేమోనని నాకు భయం వేసింది. తమ్ముడికీ అదే భయం. "అక్కా, నువ్వేమన్నా చెయ్యి," అని కారు తాళం నా చేతిలో పెట్టాడు. అప్పుడే గడప దాటించకూడదని ఒక పెద్దామె అంది. ఆమెకు నేను చెప్పిన బదులు ఇక్కడ రాయను.

చిన్నమ్మ ఏమీ అడగకుండా వచ్చి ఎడమ సీట్లో కూర్చుంది. మైకు ఆయన ఎప్పుడూ తగిలించే చోటే, అద్దం పైని ఎండతెరకు ఉంది. తీసి పైటకు గుచ్చుకున్నాను. హారను దండగ అనిపించుకున్న నేను ఏం చెప్పాలా అని వెతుక్కున్నాను. గొంతు సవరించుకున్నాను. మైకును గుప్పిట్లో మూయాలని తోచలేదు. ఎడమ తలుపు పెద్దగా దగ్గింది. చిన్నమ్మ తలుపు వైపు చూసి, మళ్లీ ముందుకు తిరిగింది.

స్పీడు బ్రేకరు దగ్గర కారు పొట్ట గీసుకుంది. మా తోట వచ్చింది. చెట్లన్నీ రాగిరంగు లేతాకులు వేసి ఉన్నాయి. నేను మామిడి తోటలో పెరిగినదాన్ని. అది ఏమిటో నాకు బాగా తెలుసు.

"చిన్నమ్మా, చూడు, తోటంతా పూతకొచ్చింది," అన్నాను.

కారు నెమ్మది చేశాను.

"ఈసారి పూత బాగా పట్టింది చిన్నమ్మా."

ఆమె కిటికీలోంచి తోటను చివరిదాకా చూసింది. "పూత కాదే," అంది. "చిగురు." కొంచెం దూరం పోయాక, నా వైపు తిరగకుండానే, "మీ చిన్నాయన మాదిరి నువ్వూ మొదలుపెట్టినావా?" అంది.

నాకు కళ్లు కనిపించలేదు. రోడ్డు పక్కన కారు ఆపాను. ఆమె ఎడమ చెయ్యి తలుపు మీదికి పోయింది. స్పీకరు మీది జల్లెడను అరచేత్తో కప్పి, అలాగే ఉంచింది.

"సరి, పో," అంది. "ఇంకా ఏమేం పూసినాయో చెప్పు."