గ్రేకా చదివించిన కాగితం

సార్డీనియాలో తల్లి రక్తంలోంచి మగపిల్లలకు వచ్చే రోగమొకటుంది. ఫావా చిక్కుడు తింటే రక్తం విరుగుతుందని దాన్ని చిక్కుడు జబ్బంటారు. ఆ పేరు పెట్టినవాడి నోట్లో మన్ను పడ! పేరును నమ్మి ఊరంతా ఆ చిక్కుడు మొక్కల మీదే కన్నేసి ఉంచింది. మందుబిళ్ళను అనుమానించిన వాళ్ళు లేరు.

పెళ్ళి రొట్టెలు చేసే గ్రేకా కూడా అంతే. కొడుకు ఎఫిస్ కోసం ఇరుగుపొరుగు పెరళ్ళలో చిక్కుడు పీకించింది. ఆరో ఏట వాడికి జ్వరం, మూత్రంలో మంట వచ్చాయి. మందుల కొట్టు రైమొందో సల్ఫా బిళ్ళలిచ్చాడు.

"వీడికి చిక్కుడు జబ్బుంది దొరగారూ, ఫరవాలేదా?"

"ఇవి బిళ్ళలమ్మా. చిక్కుడు గింజలనుకుని పులుసు పెట్టేవు!" అని నవ్వాడు.

మూడో రోజుకు మూత్రం నల్లబడింది, కళ్ళు పచ్చబడ్డాయి. రక్తం ఒంట్లోనే విరిగిపోయి, పట్నం ఆసుపత్రి చేరేలోగా బిడ్డ పోయాడు. మట్టి చేశాక పాదిరీ బిళ్ళల డబ్బాలోని కాగితం చదివి చెప్పాడు: చిక్కుడు జబ్బున్న పిల్లలకు ఇవ్వరాదని అచ్చులోనే ఉంది. గ్రేకా కొట్టుకెళ్ళి నిలదీసింది.

"ఆ మురికి రక్తం నీ కడుపులోంచే వచ్చింది. నన్నంటావేం?" అన్నాడు రైమొందో, పదిమందిలో.

గ్రేకా ఒళ్ళు భగ్గుమంది. మర్నాటి నుంచి కొట్టు ఎదురుగా రాతి అరుగు మీద కూర్చుంది. బిడ్డతో వచ్చిన ప్రతి తల్లినీ పట్టుకునేది.

"మీవాడికి చిక్కుడు జబ్బుందా? అయితే కాగితం చదివించుకో. లోపలాయన చదవడు."

పోలీసులొస్తే, "కూర్చోడం కూడా నేరమేనా నాయనా?" అనేది. అలా పన్నెండేళ్ళు. రైమొందో ఇంటికీ ఈ జబ్బే రావాలని ఆదివారమాదివారం కొవ్వొత్తి వెలిగించింది. దేవుణ్ణి అలాంటివి అడగొచ్చా అంటే, అడిగింది మరి.

ఒకనాడు రైమొందో కూతురు వితాలియా, జ్వరంతో ఉన్న నాలుగేళ్ళ కొడుకును చంకనేసుకుని, అవే సల్ఫా బిళ్ళల డబ్బాతో కొట్లోంచి బయటికొచ్చింది. గ్రేకా అలవాటుగా అడిగింది.

వితాలియా తల దించుకుంది. "ఉందత్తా. వీడు పుట్టినప్పుడే డాక్టరు చెప్పాడు. నాన్నకి చెప్పలేదు. మురికి రక్తమంటాడని భయం."

గ్రేకా ఆ డబ్బా వంక చూసింది. ఊరుకుంటే చాలు, మొక్కు తీరిపోతుంది. ఊరుకోవాలనే అనిపించింది, అబద్ధమెందుకు? కానీ పిల్లాడు చస్తే రైమొందో ఏడుస్తాడంతే. తప్పు ఒప్పుకోడు. గ్రేకా డబ్బా లాక్కుని కొట్లోకి దూసుకెళ్ళింది. వెనకాలే వితాలియా, వీధిలో ఆడవాళ్ళూ వచ్చారు.

"కాగితం చదువు దొరా. గట్టిగా!"

రైమొందో విసుక్కుంటూ చదివాడు. ఆ వాక్యం దగ్గర గొంతు తగ్గింది.

"నీ మనవడికీ ఉందట. మరి ఇది ఎవరి మురికి?"

రైమొందో కూతురి వంక చూశాడు. ఆమె ఏడుస్తూ తలాడించింది. అతను కుర్చీలో కూలబడ్డాడు.

"తప్పయింది గ్రేకా."

"ఎవరి విషయంలో? పేరు చెప్పు."

రైమొందో నోరు తెరిచాడు. పేరు గుర్తు రాలేదు. గుమ్మంలో ఉన్న ఆడవాళ్ళందరికీ ఆ పేరు తెలుసు. ఒక్కరూ అందించలేదు.