పాముకూ పువ్వుకూ ఒకే రంగు

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, టీవీకి తగిలించుకుని ఆడే గేములు తయారుచేసే ఒక కంపెనీలో నేను గ్రాఫిక్స్ విభాగం ఇన్‌చార్జిగా ఉండేదాన్ని. రిటైరవడానికి ముందటి ఏడాది, వినాయక నిమజ్జనాలు అయిన వారంలో నాకో పని అప్పగించారు. మా దగ్గర హక్కులున్న పాతకాలపు ఆట ఒకటుంది. అందులో ఒక పిల్లవాడు ఇసుక బాట మీద పరిగెత్తుతూ, పాములను తప్పించుకుంటూ ఎర్ర పూలు ఏరుతాడు. దాన్ని బతుకమ్మ ఆటగా మార్చాలి. పిల్లవాడి బదులు అమ్మాయి, ఎర్ర పూల బదులు తంగేడు. శాంపిల్ బయ్యర్‌కు నచ్చకపోతే ప్యాకింగ్ లైన్‌లోని కాంట్రాక్టు ఆడవాళ్లను పండగ ముందే ఆపేయాల్సి వస్తుందని మేనేజర్ చెప్పారు. వాళ్లలో చాలామంది పొద్దున నా బస్సులోనే వచ్చేవాళ్లు. ఆ మాట విన్నాక నాకు కుదురు లేదు.

ఇలాంటి ఆటల్లో రంగులు కావలసినన్ని దొరకవు. కదిలే బొమ్మలన్నిటికీ కలిపి నాలుగు రంగుల అరలు, మా భాషలో పాలెట్లు; ఒక్కోదాంట్లో మూడే రంగులు. ఒక్కో పాలెట్‌ను రెండు మూడు బొమ్మలు పంచుకుంటాయి. ఏమవుతుందో చూద్దామని పువ్వు ఎరుపు తీసి పసుపు పెట్టాను. తంగేడు కళకళలాడింది. కానీ పాముదీ అదే పాలెట్ కావడంతో అది కూడా పసుపైపోయి ఇసుకలో కలిసిపోయింది. కనబడని పాము కరిచి అమ్మాయి అడుగడుగునా పడిపోతోంది.

ఆ ఆటలో మిణుకుమనే దీపం బొమ్మ కూడా ఒకటుంది. సరే, పువ్వును దాని పాలెట్‌కు మార్చాను. అందులో పసుపుంది. అయితే దీపం మిణుకుమనడం కోసం ఆ పసుపు క్షణానికోసారి ఎరుపూ గులాబీ అవుతుంది. పువ్వూ అదే వరస పట్టింది. క్వాలిటీ ఇన్‌చార్జి నర్సింలు గారిది దగ్గర్లోని కర్దనూర్ గ్రామం. పక్కన నిలబడి చూసి, "తంగేడు గిట్ల రంగులు మార్సుడేంది మేడం? ఊసరవెల్లి అనుకుంటరు," అన్నారు.

నవ్వబోయి ఆగిపోయాను. మాది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. అయినా ఏటా మా వీధి ఆడవాళ్లతో కూర్చుని తెల్లటి గునుగు పూలను రంగునీళ్లలో ముంచేదాన్ని. వేళ్లకంటిన రంగు దసరా దాకా వదిలేది కాదు. ఇది తంగేడు కాదు, గునుగు అనుకోండి అన్నాను.

"అగో, గునుగుకైతే మనమే రంగులద్దుతం గద," అన్నారాయన.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పూటే పువ్వును గునుగు కంకిలా తిరగగీశాను. పాము ఎరుపు పాముకు ఇచ్చేశాను.

తంగేడు లేని బతుకమ్మేమిటని బయ్యర్ అడగక మానరు. కదిలే బొమ్మల పాలెట్లలో కొత్త పసుపుకు చోటు లేదు. అయితే కదలని దృశ్యానికి వేరే పాలెట్లుంటాయి. ఇసుక బాట పసుపు అక్కడిదే. దానితోనే బాట అంచున తంగేడు పూలు గీసి, ఆకులకు గడ్డి రంగు వాడుకున్నాను.

బయ్యర్ ఒక పెద్దావిడ. ఆవిడ ఆడుతుంటే నేనూ నర్సింలు గారూ పక్కన నిలబడి చూశాం. పాము కరిచి ఓడిపోయాక ఆవిడ తలెత్తి, "మా ఇంట్ల అద్దినట్టే ఉన్నది గునుగు. జెర ఇంకోపారి ఆడనియ్యిన్రి," అన్నారు. ఆర్డరు మీద సంతకం ఆ తర్వాతే పెట్టారు. మర్నాడు ప్యాకింగ్ లైన్ మామూలుగా నడిచింది. బస్సులో ఎవరికీ ఏమీ తెలియలేదు.

ఆ ఆటలో నేను ఒక్క కొత్త రంగూ చేర్చలేదు. పదిమంది పంచుకునే రంగును మార్చే ముందు దాన్ని ఇంకెవరు వాడుకుంటున్నారో చూడాలి. మార్చడానికి వీల్లేదని తేలితే, ఆ రంగుకు తగిన పువ్వును వెతుక్కోవాలి.