డాక్టరమ్మ చేతికిచ్చిన ఎంగిలి

లవంగం కొరికినప్పుడల్లా నాకు గిరిజ డాక్టరమ్మ గుర్తొస్తుంది. ఈ పొద్దు తిరుచానూరులో ఇంటి దగ్గర పూలు కడుతూ, దగ్గు ఆగక ఒకటి నోట్లో వేసుకున్నాను. ఆ ఘాటు నాలుకకు తగలగానే కరోనా నాటి ఆసుపత్రి ఆవరణ, షామియానా కింద ఆమె బల్ల, దాని మీద చిన్న చిన్న ప్లాస్టిక్ గిన్నెలు కళ్ళముందుకొచ్చాయి.

అప్పుడు ఏర్పేడులో నా కూతురికి కాన్పయింది. పసిబిడ్డను చూడబోయే ముందు పరీక్ష చేయించుకుందామని తిరుపతికి వెళ్ళాను. ఎంగిలిని బట్టి కాసేపట్లోనే జబ్బును పట్టే కొత్త పరీక్ష వచ్చింది. అది నమ్మదగ్గదో కాదో తేల్చే పని గిరిజమ్మది. అందుకని ప్రతి మనిషి దగ్గరా ఎంగిలీ తీసుకునేది, ముక్కులో పుల్ల పెట్టీ తీసేది. ముక్కుది ల్యాబుకు పోయి మర్నాడు తెలిసేది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకునేది.

నా ఎంగిలిలో జబ్బు లేదని వచ్చింది. సంతోషంగా సంచి తీసుకుని లేచాను.

"యాడికక్కా?" అంది. బిడ్డ దగ్గరికన్నాను.

"ఈ పరీక్షనే మేమింకా పరీక్ష చేస్తా ఉండాము. దీంట్లో కనపడలేదంటే లేదని కాదు. ముక్కుది వచ్చేదాకా బిడ్డను తాకొద్దు."

నమ్మకం లేని పరీక్ష నాకెందుకు చేశారని గొణిగాను. తిట్టుకో, ఏర్పేడు బస్సు మాత్రం ఎక్కొద్దంది. ఎక్కలేదు. మర్నాడు ఆమే ఫోన్ చేసింది. జబ్బు ఉంది.

ఎంగిలి ఇచ్చే ముందు ఏం చేశావని అడిగింది. కొళాయి దగ్గర నోరు పుక్కిలించి లవంగం నమిలానన్నాను. నేనే కాదు, వరుసలో ఉన్న ఆడవాళ్ళమందరం అదే చేశాము. అంత చదువుకున్న మనిషి చేతికి పాచినోటి ఎంగిలి ఎట్లా ఇచ్చేది?

ఆమె పగలబడి నవ్వింది. "నాకు మర్యాద చేయబోయి జబ్బును దాచిపెడితిరి కదక్కా." తర్వాత గొంతు తగ్గించి, ముందే చెప్పకపోవడం తన పొరపాటంది.

నాకు నయమయ్యాక మళ్ళీ వెళ్ళాను. ఆమె అందరికీ దూరంగా నిలబడి, మాస్కు దించి, తనే గిన్నెలో ఊసి ఎత్తి చూపించింది.

"సూడండి, నాదీ ఎంగిలే. నోరు కడక్కుండా, ఏమీ తినకుండా ఇట్లే ఇయ్యండి."

తలలు వంచుకున్న ఆడవాళ్ళు నవ్వేశారు. ఆ తర్వాత రెండు పరీక్షల్లోనూ ఒకే ఫలితం రావడం పెరిగిందని, అందరివీ మాత్రం కలవలేదని ఆమే చెప్పింది. పుక్కిలించినవాళ్ళవి లెక్కలోంచి తీసేస్తే పరీక్ష ఇంకా బాగా పనిచేసినట్టు కనపడుతుందని ఆమెతో పనిచేసే ఒకాయన అన్నాడు. "జనం కడుక్కునే వస్తారప్పా. అవీ ఉండాల," అందామె. మా లాంటివాళ్ళను లెక్కలోంచి తీసేయని ఆ మాట విని నా తల పైకి లేచింది.

ఈ పొద్దు దగ్గు మొదలవగానే, నోరు కడగకముందే ఇంట్లో ఎంగిలి పరీక్ష చేసుకున్నాను. లేదనే వచ్చింది. ఆ తర్వాతే లవంగం కొరికాను. ఆనాటి పసిబిడ్డే, ఇప్పుడు బడికి పోయే మనవరాలు, గడప అవతల నిలబడింది.

"లేదంట కదవ్వా, ఒళ్ళోకి రానా?"

"రేపు ఇంకోసారి చూసుకుంటా. అప్పుడు రా."

"ఎవురు చెప్పినారు?"

"మా డాక్టరమ్మ," అన్నాను. ఆ 'మా' కొంచెం గట్టిగానే అన్నాను.