ఎదుటి పీట మీంచి చూస్తే

2022 వానాకాలం. రాజమండ్రిలో ఒక మందుల షాపు పై అంతస్తులో, రెండు గదుల్లో స్టోరీబోర్డు పాఠాలు చెబుతున్నాను. స్టోరీబోర్డు అంటే సినిమా తీయడానికి ముందే దాన్ని కాగితం మీద బొమ్మలుగా వేసుకోవడం. ఒక్కో బొమ్మనీ ప్యానెల్ అంటాం. ఏ బొమ్మ తర్వాత ఏది రావాలి, కెమెరా ఎక్కడుండి చూడాలి అన్నవి ఇక్కడే తేలిపోవాలి. హైదరాబాదు స్టూడియోల్లో పిల్లల కార్టూన్లకి ఏళ్ల తరబడి ఇదే పని చేసి, నడుం పట్టేసి సొంతూరు చేరినదాన్ని. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ. ఈ మాట నాది కాదు, నా విద్యార్థులది.

మా దగ్గరికొచ్చే వాళ్లలో సగంమందికి ఫైట్లు కావాలి. మిగతా సగానికి గోదావరి మీద సూర్యాస్తమయం కావాలి. ఆ గుంపులోకి ఆత్రేయపురం నుంచి బస్సులో వచ్చే శిరీష చేరింది. అప్పుడే డిగ్రీ అయింది. మనిషి నెమ్మది, చెయ్యి మంచిది. కోర్సు చివర ఎవరి కథకి వాళ్లు పూర్తి బోర్డు వెయ్యాలి. నువ్వేం వేస్తావమ్మా అంటే, "మా అమ్మ పూతరేకులు తియ్యడం వేస్తానండి" అంది.

"అందులో కథేంటి?"

"కథేం లేదు మేడం. అమ్మ పోయి రెండేళ్లయింది. మర్చిపోకముందే వేసేద్దామని."

సరే, వెయ్యమన్నాను.

తర్వాతి వారం ప్యానెళ్లు తెచ్చింది. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద పరిచి లాగగానే, ఉల్లిపొర లాంటి రేకు మిగులుతుంది. దాన్ని చేత్తో ఒలిచి తీయడం. అన్నీ చక్కగా వేసింది. కానీ మొదటి బొమ్మ నుంచి చివరి బొమ్మ దాకా అమ్మ వీపే. వీపు, ముడి, మోచెయ్యి, భుజం మీదుగా కుండ. ఇలా మనిషి భుజం వెనక నుంచి చూపడాన్ని ఓవర్ ద షోల్డర్ అంటాం. మంచి షాటే. బోర్డంతా అదే అయితే మాత్రం ఆ మనిషి మనకి పరిచయమే కాదు.

"మొహం ఏదమ్మా? ఒక రివర్స్ షాట్ పెట్టు" అన్నాను. కెమెరాని తీసుకెళ్లి అవతలి పక్క నుంచి చూపడం అన్నమాట.

"అది నాకు తెలీదు మేడం."

"అమ్మ మొహం తెలీకపోవడమేంటి?"

"చిన్నప్పట్నుంచీ అమ్మ వెనకే కూర్చునేదాన్నండి. ముందుకొస్తే మంట తగులుద్దని రానిచ్చేది కాదు. అన్నం పెట్టేటప్పటి మొహం తెలుసు, తిట్టేటప్పటి మొహం తెలుసు. రేకు తీసేటప్పటి మొహం ఒక్కటే తెలీదు."

ఫోన్లో ఒక ఫొటో చూపించింది. ఎవరి పెళ్లిలోనో, పౌడరు రాసుకుని బిగుసుకుపోయి నిలబడ్డ ఆవిడ. పోనీ ఊహించి వెయ్యమన్నాను. వేసింది, చెరిపింది, కాగితం చిరిగేదాకా చెరిపింది. "ఎవరో వస్తున్నారండి. అమ్మ రావట్లేదు" అని ఏడ్చేసింది. నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. కాగితాలు పాడుచేస్తున్నావని కసురుకున్నాను. ఓదార్చడం నాకు అలాగే వచ్చు.

ఆమె వెళ్లాక ప్యానెళ్లన్నీ మళ్లీ వరసగా పరిచాను. రేకు ఊడి వచ్చిన ప్రతిచోటా ఆ మెడ కొంచెం పైకి లేచి ఉంది. మర్నాడు అడిగితే, "పొగండి, పొగకి తలెత్తేది" అంది శిరీష.

"పొగకైతే మొహం పక్కకి తిప్పుకుంటారు. ఈవిడ తిన్నగా ఎత్తింది. ఎదురుగా ఎవరుండేవారు?"

"నాన్నండి. రేకులకి నెయ్యి రాసి, పంచదార పొడి చల్లి మడతలు పెట్టేవాడు."

"మరి నాన్ననే అడగొచ్చుగా?"

"మేం అమ్మ గురించి మాట్లాడుకోమండి" అంది తలొంచుకుని.

ఆయన్ని వెంటబెట్టుకు రమ్మన్నాను. వాళ్ల నాన్న సూర్యారావుగారు పూతరేకుల డబ్బా ఒకటి పట్టుకుని వచ్చి, కుర్చీ అంచు మీద కూర్చున్నారు. బల్ల మీద ప్యానెళ్లు పెట్టాను.

"మీరు ఎక్కడ కూర్చునేవారండి?"

కుండకి అవతల వేలు పెట్టి చూపించారు. "ఇక్కడండి. పీటేసుకుని."

"అక్కణ్ణుంచి మీకేం కనపడేది?"

"ఏం కనపడుద్దండి, పొగ" అని నవ్వారు. అంతలో మెడ ఎత్తిన బొమ్మ మీద ఆయన చూపు ఆగిపోయింది. "ఇది మా బుజ్జి వేసిందాండి?"

అవునన్నాను.

"ఆయ్... ఇదేనండి. రేకు చిరక్కుండా వచ్చిందనుకోండి, తలెత్తి నా వంక చూసేది."

"ప్రతి రేకుకీనా నాన్నా?" అంది శిరీష.

"చిరక్కుండా వచ్చిన ప్రతి రేకుకీనమ్మా. పెళ్లయిన కొత్తలో మీ నాన్నమ్మ దగ్గర నేర్చుకునేటప్పుడు మొదలెట్టింది. బాగా వచ్చిందా అని నోటితో అడిగితే అత్తగారు వింటదని, కళ్లతో అడిగేది. నేను తలూపేవాణ్ణి. పనంతా వచ్చేశాక కూడా అడగడం మానలేదు."

"నాకెప్పుడూ చెప్పలేదేంటి?"

"నువ్వక్కడే ఉన్నావు కదమ్మా. చూస్తన్నావనుకున్నాను."

శిరీష కొత్త కాగితం తీసి, కుండకి అవతల, ఆ పీట ఉండే చోట కెమెరా పెట్టి వెయ్యడం మొదలుపెట్టింది. ఆయన లేచి కూతురి భుజం వెనక నిలబడ్డారు. "చెమటకి బొట్టు ఇక్కడిదాకా కారేది... కళ్లు ఇంకాస్త పైకమ్మా." పెదాల మీద చిన్న నవ్వు పెట్టింది. "నవ్వేది కాదు. కనుబొమ్మలెత్తి, ఎలా ఉంది అన్నట్టు చూసేది." నవ్వు చెరిపేసి కనుబొమ్మలు ఎత్తింది.

సూర్యారావుగారు ఆ కాగితం వంక చాలాసేపు చూశారు. మెల్లిగా తలూపారు.

రివర్స్ షాట్ అంటే కెమెరాని తిప్పడమేనని అంతకుముందు ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. ఇప్పుడు ఎవరైనా మొహం రావట్లేదని వస్తే, అవతలి పక్క ఎవరు కూర్చునేవారో ముందు కనుక్కుని రమ్మంటున్నాను. శిరీష వేసిన ఆ ప్యానెల్ కాపీ ఒకటి మా గది గోడకి ఉంది. కొత్తగా చేరిన ప్రతివాళ్లూ దాని ముందు ఆగి, "ఈవిడ ఎవర్ని చూస్తోంది మేడం?" అని అడుగుతారు. అడిగిందే అడిగితే విసుక్కునే మనిషిని. ఆ ఒక్క ప్రశ్నకి మాత్రం ఎన్నిసార్లయినా కూర్చోబెట్టి చెబుతాను.