చూడని పిట్టల రాజేశం

సిరిసిల్లలో రాజేశం రోజూ పొద్దున సరిగ్గా ఆరు గంటలకు డాబా ఎక్కి, పదిహేను నిమిషాలు ఆకాశాన్నీ, చెట్లనీ, కరెంటు తీగల్నీ చూసి, కిందికి దిగి, తాను చూడని పిట్టల పేర్లన్నీ నోటుబుక్కులో రాసుకుంటాడు. చూసిన పిట్టలు రాసుకునేవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. చూడని పిట్టల్ని రాసుకునే మనిషి మాత్రం ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. చూసినవి కూడా రాస్తాడు. అయితే అవి అరపేజీ, ఇవి రెండు పేజీలు.

"నెమలి సున్న. గద్ద సున్న. పాలపిట్ట సున్న. పైడికంటె సున్న..." అని పైకి చదువుతూ రాస్తాడు. ఆ గల్లీ పిల్లలకు ఎక్కాల కన్నా ముందు ఈ వరస నోటికొస్తుంది.

అలవాటు పిట్టల దగ్గరే ఆగిపోయి ఉంటే ఆయన భార్య నర్సవ్వ సుఖపడేది.

"ఇంట్ల ఉప్పు లేదు" అంటుందామె.

"ఎప్పటిసంది లేదు?"

"నిన్నటిసంది."

"మరి నిన్ననే లేదని చెప్పద్దా? లేనిది లేదని ఏ పూటకాపూట చెప్పాలె నర్సవ్వా."

"చెప్పిన. నువ్వు రాసుకున్నవు. తేలేదు."

ఒకసారి దగ్గరి చుట్టాల పెళ్ళికి పోయాడు. పెళ్ళికొడుకు తండ్రి ఎదురొచ్చి, "బావా, బువ్వ మంచిగున్నదా?" అని మర్యాదకు అడిగాడు. రాజేశం జేబులోంచి కాగితం తీశాడు. "అన్నం ఉన్నది, పప్పు ఉన్నది. అప్పడం సున్న. పెరుగు సున్న. అర్ధగంట కూసోని చూసిన బావా, తొందరపడి రాయలే." ఆ బావ అప్పట్నుంచి ఆయనతో మాట్లాడడం మానేశాడు. రాజేశం అది కూడా రాసుకున్నాడు.

ఈ మనిషి గురించి స్వర్ణలతకు తెలిసింది ఒక దసరా పండుగప్పుడు. స్వర్ణలత జగిత్యాలలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతుంది. పాలపిట్టలు తగ్గుతున్నాయని అందరూ అంటున్నారు కదా, ఎంత తగ్గాయో, ఎక్కడ తగ్గాయో తేలిస్తే కదా కాపాడేది అని ఆమె ఒక వాట్సాప్ గ్రూపు పెట్టింది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు నుంచి ముప్పై నలుగురు చేరారు. టీచర్లు, ఆటో నడిపేవాళ్ళు, బీడీలు చేసే ఆడవాళ్ళు, ఒక పోస్ట్‌మ్యాన్. రోజూ పదిహేను నిమిషాలు చూసి, కనబడిన పిట్టల లెక్క పంపాలి. అంతే పని.

నెలైనా అక్కరకొచ్చే లెక్క ఒక్కటి రాలేదు. కనబడితే ఫొటోతో సహా పంపేవాళ్ళు. కనబడకపోతే పత్తా లేకుండా పోయేవాళ్ళు.

"నిన్న ఎందుకు పంపలేదు?" అని ఆమె అడిగేది.

"ఏం కనబడలే మేడం. ఉత్త చేతులతోని ఏం పంపాలె?"

ఆమె తల పట్టుకునేది. ఖాళీ రోజుకు అర్థం పిట్ట లేదనా, మనిషి లేడనా? ఎట్లా తెలుస్తుంది?

అంతలో దసరా వచ్చింది. ఆ పూట పాలపిట్టను చూడకపోతే పండుగ పండుగే కాదు. సాయంత్రానికి గ్రూపులో తేలిన పాలపిట్టలు రెండు వందల పన్నెండు. మరునాడు మూడు. రాత్రికి రాత్రే రెండు వందల తొమ్మిది పిట్టలు ఎక్కడికి పోయాయని స్వర్ణలత కంగారుపడి, పదహారు పంపిన ఎల్లారెడ్డిపేట ఆటో సాయినాథ్‌కు ఫోన్ చేసింది.

"పదహారు పిట్టలు ఒక్క దగ్గరే ఉన్నయా సాయినాథ్?"

"ఒక్కటే పిట్ట మేడం."

"మరి పదహారని పంపినవు?"

"మా ఇంటోళ్ళం పదహారు మందిమి. అందరం చూసినం. ఒకలు చూస్తే ఇంకొకలకు పుణ్యం ఎట్లస్తది మేడం?"

ఇంకో పది ఇళ్ళకు ఫోన్ చేసింది. అందరిదీ ఇదే పద్ధతి. తాను నెల రోజులు కష్టపడి మూడు పట్నాల్లో ఏ ఇంట్లో ఎంతమంది ఉంటున్నారో తేల్చిందని ఆమెకు అర్థమైంది.

ఏడుపొక్కటే తక్కువగా ఉన్న ఆ సమయంలో, గ్రూపులో దసరా రోజే కొత్తగా చేరిన ఎవరో పంపిన ఒక పొడుగాటి మెసేజ్ కంటపడింది. నలభై ఒక్క పిట్టల పేర్లు, పక్కన నలభై ఒక్క సున్నలు. అన్నిటికన్నా పైన: పాలపిట్ట 0. దాని కింద తిట్లు. "పండుగ పూట ఏంది కాకా గీ అపశకునం?" "నోరు మంచిగుండాలె." ఆఖరికి ఎవరో ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు కూడా. స్వర్ణలత ఆ సున్నల్ని బంగారు గాజుల్లా చూసుకుని, ఆ నంబరుకు ఫోన్ చేసి నోటుబుక్కుల సంగతీ ఇంటి జాడా కనుక్కుని, మరునాడే సిరిసిల్ల బస్సెక్కింది.

గుమ్మంలో కొత్త ఆడమనిషిని చూడగానే నర్సవ్వ మొహం విప్పారింది.

"డాక్టరమ్మవా బిడ్డా? ఆయన కోసమే అచ్చినవా?"

"కాదమ్మా, లెక్కల టీచర్‌ను. కాక రాసిన నోటుబుక్కులు చూద్దామని."

"అయ్యో" అని నర్సవ్వ ఆమె వంక జాలిగా చూసి, చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది.

రాజేశం షెడ్డులో ఉన్నాడు. ఆరు సాంచాలు ఒక్కసారే టకటకమంటున్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలనే అంటారు. ఆ చప్పుడులో మాట కాదు కదా, పిడుగు పడినా వినబడదు. ఆయన మాత్రం స్వర్ణలతకు నమస్కారం పెడుతూనే గిరుక్కున వెనక్కి తిరిగి, పోగు తెగి ఆగిన నాలుగో సాంచా దగ్గరికి పోయాడు.

"ఇంత లొల్లిల ఎట్ల తెలిసింది కాకా?" అని ఆమె చెవి దగ్గర అరిచింది.

"నడిచేదాన్ని చూసుడు ఏమున్నది బిడ్డా, అది నడుస్తనే ఉంటది" అని ఆయనా అరిచాడు. "ఆగినదాన్ని పట్టాలె. ముప్పై ఏండ్ల సంది నేను చేసే పని గదే. పిట్టలకూ గంతే."

స్టాటిస్టిక్స్‌లో స్వర్ణలత రెండేళ్ళు పాఠం చెప్పి పిల్లలకెక్కించలేని సంగతి అది.

చాయ్ తాగాక బీరువా తెరిచాడు. లోపల పదకొండేళ్ళ నోటుబుక్కులు. వాటిలో ఆదివారాలవి వేరు. ప్రతి ఆదివారం మోపెడ్ మీద చందుర్తి దగ్గర ఒక ఊరి పశువులు మేసే బీడుకు పోయేవాడు. అక్కడ తలలు పోయిన తాటిమోళ్ళు నిలబడి ఉంటాయి. ఎండాకాలంలో పాలపిట్టలు ఆ మోళ్ళ తొర్రల్లోనే గుడ్లు పెడతాయి. మొదట పన్నెండు మోళ్ళు, ఏడు జంటలు. గాలివానలకు మూడు మోళ్ళు కూలాయి. ఇప్పుడు తొమ్మిది మోళ్ళు, నాలుగు జంటలు. ఏ మోడు కూలిందో అక్కడి జంట ఆ తర్వాత మళ్ళీ రాలేదు. కూలిన మోడు దగ్గర కూడా ఈయన ఏళ్ళ తరబడి నిలబడి, సున్న, సున్న అని రాశాడు కాబట్టి ఆ సంగతి ఇప్పుడు అద్దంలో చూసినట్టు కనబడుతోంది.

"ఇగ మిగిలిన తొమ్మిదీ పోతయట బిడ్డా" అన్నాడు రాజేశం. "ఎండిన మోళ్ళు ఎందుకని ఊరోళ్ళు పీకి చదును చేస్తరట. అప్పుడు నేను రాసుడు మస్తు అల్కగైతది. అన్నీ ఒకటే తీరు సున్నలు." నవ్వుదామని చూశాడు గానీ ఆ నవ్వు సగంలో తెగింది.

ఆ మోళ్ళ సంగతి తేల్చాల్సిన ఆఫీసరు పదిహేను రోజుల్లో మీటింగ్ పెట్టాడు. స్వర్ణలత రాత్రనక పగలనక పదకొండేళ్ళ అంకెల్ని కంప్యూటరులోకి ఎక్కించి, గీతలు గీసి, రాజేశాన్ని వెంటబెట్టుకుని పోయింది. ఆఫీసరు కాగితాలు తిప్పాడు. తిప్పినకొద్దీ ముందుకు వంగాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు.

"మేడం, గిదేంది? ఆరేండ్లు ప్రతి దసరాకు కోరుట్లల ఒకటే ఇంటి ముందట, పొద్దున ఎనిమిదింటికి, ఒక్క పాలపిట్ట. గా పిట్ట ఏమన్న డ్యూటీ చేస్తున్నదా, టైముకు అచ్చి సంతకం పెట్టి పోతానికి?"

స్వర్ణలత ముందుకు వంగి ఆ పేజీ చూసింది. ఆ వరస ఆమె కంట పడనే లేదు.

"గీ ఒక్కటి కథైతే మిగితాయి ఎట్ల నమ్మాలె?" అన్నాడాయన కాగితాలు మూస్తూ. "రేపు ఊరోళ్ళు నన్నడుగుతరు." రాజేశం వైపు తిరిగాడు. "ఏమయ్యా పెద్దమనిషీ, ఆ పిట్టను నువ్వు చూసినవా?"

"చూసిన సార్" అన్నాడు రాజేశం.

"ఎక్కడున్నది?"

"దండెం మీద."

"నువ్వు దగ్గరికి పోతే ఎగిరిందా?"

"ఎగరది సార్."

"ఎందుకెగరది?"

"బట్టతోని కుట్టింది. నేనే కుట్టిన."

 రాజేశం సంచిలోంచి ఆరు నోటుబుక్కులు తీసి, దసరా పేజీలు తిప్పి ఆఫీసరు ముందు పెట్టాడు. అంకె పక్కన 'విశేషాలు' అన్న గడిలో గుండ్రటి అక్షరాలున్నాయి: బట్ట పాలపిట్ట 1. నిజం పాలపిట్ట 0. ఆరేళ్ళూ అదే మాట. స్వర్ణలత చేసిన పట్టికలో విశేషాలకు గడి లేదు. అంకె ఒక్కటే ఎక్కించుకుని మాటను వదిలేసింది.

"తప్పు నాది సార్" అందామె.

ఆఫీసరు ఆమెను వినడం లేదు. "బట్ట పిట్టను ఎందుకు కుట్టినవయ్యా?"

"మా అత్త భూమవ్వ ఉన్నది సార్, కోరుట్లల. ఆరేండ్ల కింద పడి నడుమిరిగింది, మంచం దిగది. దసరా అచ్చిందంటే పాలపిట్టను చూడలేదని ఒక్కతీరుగ ఏడుస్తుండె. నన్నడిగింది, ఇన్ని పిట్టలు చూస్తవు, నాకొక్కటి సూపియ్యరాదా అల్లుడా అని. ఉన్నదని చెప్పుడు నాకు రాదు. లేదని చెప్పబుద్ధి కాలే. అందుకే, బతుకమ్మ చీరల ముక్కలుంటే కుట్టి, టిఫిన్ డబ్బల పెట్టుకపోయి కిటికీ ముందట కట్టిన. ఉన్నది కాబట్టి రాసిన. బట్టది కాబట్టి బట్టదని రాసిన."

ఆఫీసరు నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుని, "మీ అత్తకు ఫోన్ కలుపు, స్పీకర్ల పెట్టు" అన్నాడు. రాజేశం ఫోను కలిపి ఆయన చేతికిచ్చాడు.

"అవ్వా, పోయిన దసరాకు పాలపిట్టను చూసినవా?"

"చూసిన బిడ్డా!" భూమవ్వ గొంతు గది నిండా మోగింది. "మా అల్లుడు సూపెట్టిండు."

"ఎట్లున్నదవ్వా?"

"మస్తున్నది. నీలిరంగు, తోకకు జరీ అంచు. పోయినేడు రెక్క కుట్టూడి లోపలి పత్తి బయటికచ్చింది. పాపం అల్లుడెప్పుడు కుట్టు పని నేర్వలేదు గదా. అది బట్టదని నాకెరుకని ఆయనకు చెప్పకు బిడ్డా. అంత దూరం సిరిసిల్లకెళ్ళి అచ్చి గోడెక్కి కడ్తడు, చిన్నబోతడు."

రాజేశం పెన్ను తీసి ఏదో రాయబోయి, ఏ గడిలో రాయాలో తెలియక మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఆఫీసరు కళ్ళు తుడుచుకుని, మూసిన కాగితాలు మళ్ళీ తెరిచాడు. "బట్ట పిట్టను బట్టదని రాసుకున్న మనిషి ప్రాణమున్న పిట్టను ఒక్కటి గూడ ఎక్కువ రాయడు మేడం" అని, తొమ్మిది తాటిమోళ్ళనూ కదిలించరాదని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టాడు. ఊరివాళ్ళ చదును పని రోడ్డుకు అవతలి వైపుకు మార్చారు.

ఇప్పుడు రాజేశానికి అరవై రెండేళ్ళు. పోయిన నెలలో కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, ఎడమ కంటికి వచ్చే నెలలో చేస్తామన్నారు. అప్పటిదాకా ప్రతి సున్న పక్కన విశేషాల గడిలో 'ఒక్క కంటితోనే చూసిన' అని రాస్తున్నాడు.