హెలెన్ నేర్పిన నీళ్ల మాట

“చీరతో పూల్‌లోకి దిగనివ్వరమ్మా! అది వాళ్ల రూల్.”

“అయితే వాళ్ల రూలూ వద్దు, వాళ్ల నీళ్లూ వద్దు. కృష్ణలో మునిగినన్నాళ్లూ చీరతోనే మునిగాను.”

“మోకాళ్లు పూర్తిగా పట్టేస్తే మంచం మీదే ఉంటావా?”

“ఉంటాను. ఆ స్విమ్‌సూట్ వేసుకుని నలుగురి ముందూ నిలబడను.”

ఎనభైల మొదట్లో, అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్లో, మా అమ్మాయి వసంతకూ నాకూ జరిగిన పోట్లాట ఇది. ఇప్పటికీ క్లోరిన్ వాసన తగిలితే చాలు, ఆ సాయంత్రం మా మధ్య కూర్చుని నిమ్మళంగా టీ తాగుతున్న హెలెన్ కళ్లముందు మెదులుతుంది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండేది. బళ్లో సైన్సు చెప్పి రిటైరయిన మనిషి.

నేను చదివింది మూడో తరగతి. అంతకుముందు నా మోకాళ్ల నొప్పులకు డాక్టరు ‘హైడ్రోథెరపీ’ అన్నప్పుడు అదేదో కత్తులూ కరెంటూ పెట్టే వైద్యమనుకుని, ఖర్చు తలుచుకుని వద్దన్నాను. ఆ సంగతి విని హెలెన్ నన్నూ వసంతనూ వీధి చివరికి నెమ్మదిగా నడిపించుకెళ్లి, మంటలార్పేవాళ్లు గొట్టం తగిలించుకునే ఎర్ర కుళాయి చూపించింది.

“ఇది హైడ్రెంట్. గ్రీకువాళ్ల పాత మాటల్లో హైడ్రో అంటే నీళ్లు. హైడ్రోజన్ అంటే నీళ్లను పుట్టించేది. డీహైడ్రేషన్ అంటే ఒంట్లో నీళ్లు తగ్గిపోవడం. థెరపీ అంటే వైద్యం.” నిదానంగా చెప్పింది. నాకందని ముక్క వసంత తెలుగులో అందించింది.

“నీళ్ల వైద్యమా? దానికింత పేరెందుకు?” అన్నాను.

“చిన్న పేరు పెడితే నీలాంటివాళ్లు ఇంట్లోనే చేసుకుంటామంటారు!” అని నవ్వింది.

అప్పటినుంచి మందుసీసా మీద పొడుగాటి మాట కనబడితే నేను బెదరను. ముక్కలు చేసి, అందులో తెలిసిన ముక్కేదైనా ఉందేమోనని వెతుకుతాను. మనవరాలికీ అదే చెబుతాను: పేరు చూసి పారిపోకు, లోపలేముందో చూడు.

భయమైతే పోయింది గానీ సిగ్గు పోలేదు. అందుకే ఆ పోట్లాట. వసంత ఇంగ్లీషులో సంగతి చెప్పగానే హెలెన్ టీ కప్పు కింద పెట్టింది.

“చీర ఎందుకు వద్దన్నారు?”

“వదులు గుడ్డ కాళ్లకు చుట్టుకుంటుందని,” అంది వసంత.

“మరి ఒంటిని పట్టి ఉండే పొడుగు బట్టలైతే? ఉండు, ఫోన్ చేస్తాను.”

చేసింది. ఒప్పుకున్నారు. వసంత తన పాత నైలాన్ ప్యాంటూ, పొడుగు చేతుల చొక్కా తీసిచ్చింది. కొత్తవి నేను కొననివ్వలేదు.

“నువ్వు గట్టుమీద కూర్చుని నన్ను చూస్తావా?” అని హెలెన్‌ను అనుమానంగా అడిగాను.

“నేనూ దిగుతాను. నా కాళ్ల నిండా నీలం నరాలు. ఎవరైనా నవ్వాలంటే ముందు నన్ను చూసే నవ్వుతారు.”

మర్నాడు పొద్దున హెలెన్ ముందు దిగి చెయ్యి చాపింది. కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాను. గోరువెచ్చటి నీళ్లు నడుముదాకా వచ్చాయి. ఎవరూ మా వంక చూడలేదు. ఇద్దరం ఆ చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాం.